ఉబుంటులో ప్యాకేజీలు తీసేయడం: వై కొట్టే ముందు ఆ లిస్టు చదవండి

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 128 జీబీ ఎస్ఎస్‌డీ, అందులో ఉబుంటు. హనుమకొండ, కాజీపేట వైపు డిగ్రీ, బీటెక్ పిల్లల దగ్గర తరచూ కనిపించే సెటప్ ఇది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొనుక్కొస్తారు, సీనియర్ ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ ఎక్కించి ఇస్తారు, ఆ తర్వాత ప్రాజెక్టుకని ఒకటి, ల్యాబ్‌కని ఒకటి, వీడియోలో చూశామని ఇంకోటి ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతారు. ఒకరోజు డిస్క్ నిండిందని మెసేజ్ వస్తుంది, అప్పుడు మొదలవుతుంది తీసేసే పని. ఎక్కించడం ఎట్లాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, తీయడం గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి ఇది.

ముందుగా ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. గీత అన్నచోట కీబోర్డు మీది అడ్డగీత, ఖాళీ ఉన్నచోట ఒక స్పేస్. ఉబుంటులో ప్యాకేజీలను, అంటే ప్రోగ్రాముల కట్టలను, ఎక్కించేదీ తీసేసేదీ ఆప్ట్ అనే కమాండ్. పాత గైడ్లలో ఆప్ట్-గెట్ అని ఉంటుంది. గీత లేని ఆప్ట్ కమాండ్ 2014లో వచ్చింది. తీసేసే పనికి రెండూ ఒకటే, ఏది రాసినా కంగారు లేదు.

తీసేయాలంటే ముందు పేరు తెలియాలి. మెనూలో కనిపించే పేరు, ప్యాకేజీ పేరు ఒకటి కాకపోవచ్చు. మెనూలో ఫైల్స్ అని ఉండేది లోపల నాటిలస్, సాలిటేర్ అసలు పేరు ఐల్‌రియట్. పేరు తెలియకపోతే ఆ ప్రోగ్రామ్ ఏ ఫైలు నుంచి నడుస్తుందో కనుక్కుని, ఆ ఫైలు ఎవరిదని డీప్యాకేజీని, అంటే డీపీకేజీ అనే కమాండ్‌ని, అడగండి:

విచ్ జింప్
డీపీకేజీ -ఎస్ /యుఎస్ఆర్/బిన్/జింప్

రెండో లైనులో ఎస్ పెద్ద అక్షరం. జవాబు "జింప్" అని మొదలవుతుంది, కోలన్‌కు ముందు ఉన్నదే ప్యాకేజీ పేరు. ఏ ప్యాకేజీదీ కాదని వస్తే మాత్రం ఆగండి. చాలాసార్లు అది ఆప్ట్ ద్వారా వచ్చింది కాదు, ఆప్ట్‌తో పోదు. గ్జాంప్ అనే వెబ్ సర్వర్ కట్ట అట్లాంటిదే. అది /ఆప్ట్/ల్యాంప్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది, దాన్ని తీయడానికి అక్కడే అన్‌ఇన్‌స్టాల్ అనే ఫైలు ఉంటుంది, సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) పెట్టి దాన్ని నడపాలి. (ఆ ఆప్ట్ ఫోల్డరు ఓ పీ టీ, మన కమాండ్ ఏ పీ టీ. పలకడం ఒకటే కాబట్టి ఫోన్లో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ లొల్లి అవుతుంది.) పిప్‌తో ఎక్కించిన పైథాన్ లైబ్రరీలు పిప్ అన్‌ఇన్‌స్టాల్‌తోనే పోతాయి.

డిస్క్ తింటున్నది ఎవరో తెలియకపోతే ఊహించొద్దు, సైజు ప్రకారం లిస్టు తీయొచ్చు. డీపీకేజీ-క్వెరీ అనే కమాండ్‌కు పెద్ద అక్షరం డబ్ల్యూ పెట్టి, షోఫార్మాట్‌లో ఇన్‌స్టాల్డ్-సైజ్, ప్యాకేజ్ అనే రెండు గడులు అడిగి, దాన్ని సార్ట్ -ఎన్‌కు పంపితే అడుగున పెద్దవి వచ్చి కూర్చుంటాయి. అంకెలు కేబీల్లో ఉంటాయి, వెయ్యితో భాగిస్తే సుమారుగా ఎంబీ. అంత తతంగం వద్దనుకుంటే సినాప్టిక్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోండి, అందులో సైజు కాలమ్ మీద క్లిక్ చేస్తే సరిపోతుంది.

ఇక అసలు కమాండ్:

సుడో ఆప్ట్ రిమూవ్ జింప్

ఇది ప్రోగ్రామ్ ఫైళ్లను తీసేస్తుంది, /ఈటీసీలో ఉన్న దాని సెట్టింగ్ ఫైళ్లను ముట్టుకోదు. కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసి పోయినా సజ్జ మీద మూటలు వదిలేసి పోయినట్టు. రేపు మళ్లీ ఎక్కించుకుంటే పాత సెట్టింగులతోనే లేస్తుంది, కొన్నిసార్లు మనకు కావలసింది అదే. సెట్టింగులు కూడా పోవాలంటే రిమూవ్ బదులు పర్జ్:

సుడో ఆప్ట్ పర్జ్ జింప్

రెండింటిలో ఏది వాడాలని చాలామంది అడుగుతారు. సర్వర్ లాంటిది, అంటే అపాచీ, ఎంజినెక్స్, మైఎస్‌క్యూఎల్ లాంటిది, సెట్టింగులు కెలికి చెడగొట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలనుకుంటే పర్జ్. మామూలు ప్రోగ్రామ్ అయితే రిమూవ్ చాలు, ఈటీసీలో మిగిలేది కొన్ని కేబీలే, దానికోసం టెన్షన్ పడాల్సిన పని లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ రెండూ మీ హోమ్ ఫోల్డర్ జోలికి రావు. చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్, క్యాష్, లోకల్ ఫోల్డర్లలో ఆ ప్రోగ్రామ్ రాసుకున్నదంతా అట్లాగే ఉంటుంది. కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తుంది, అక్కర్లేకపోతే చేత్తో తీసేయాలి. పర్జ్ చేసినా పాత లాగిన్ ఎందుకు గుర్తుంది అనే ప్రశ్నకు జవాబు ఇదే.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ విషయంలో పర్జ్‌కు ఇంకో కోణం ఉంది. పర్జ్ చేసేటప్పుడు డేటాబేసులు కూడా తుడిచేయాలా అని తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషులో ఉందని చదవకుండా ఎంటర్ కొట్టే ప్రశ్న కాదది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు టేబుళ్లన్నీ అందులోనే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో ఒక కాపీ తీసి, పెన్‌డ్రైవ్‌లోకో మెయిల్‌లోకో పంపుకున్నాకే ఆ ప్రశ్న దాకా వెళ్లండి.

ఆ లిస్టులో ఏముంటుంది

రిమూవ్ కొట్టగానే ఆప్ట్ ఏదీ తీసేయదు. ఏమేం తీసేయబోతోందో లిస్టు చూపించి, ఎంత జాగా ఖాళీ అవుతుందో చెప్పి, అప్పుడు వై ఆ ఎన్ ఆ అని అడుగుతుంది. ఈ గైడ్ మొత్తంలో నేను చెప్పదలుచుకున్నది ఒకే ఒక్క సంగతి అనుకుంటే అది ఇక్కడుంది: ఆ లిస్టులో మీరు అడగని పేరు ఒక్కటి కనిపించినా, అదెందుకు పోతుందో అర్థమయ్యేదాకా ఎన్.

ఎందుకు పోతుందంటే, ఒక ప్యాకేజీ మీద ఆధారపడి ఇంకోటి ఉంటుంది. కిందున్నది తీసేస్తే పైనున్నది నిలబడదు కాబట్టి ఆప్ట్ దాన్ని కూడా తీసేస్తానంటుంది. తప్పు దానిది కాదు, మనం అడిగిన దాని పర్యవసానం అది.

మన తెలుగు ఫాంట్లే చూడండి. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో పోతన2000, వేమన2000 అనే ఫాంట్లు ఉంటాయి. (ఆ పోతన మన పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతనే, ఉబుంటులో మనూరాయన ఉన్నాడని చాలామందికి తెలియదు.) ఎవరో ఈ ఫాంట్ నాకు వద్దు, లోహిత్ ఫాంట్ ఉంది కదా అనుకుని ఆ ఎక్స్‌ట్రాను రిమూవ్ చేయమన్నారనుకోండి. లిస్టులో ఫాంట్స్-తెలు అని ఒకటి, ఉబుంటు డెస్క్‌టాప్ అయితే ఫాంట్స్-ఇండిక్ అని ఇంకోటి కూడా వస్తాయి. ఇవి రెండూ మెటాప్యాకేజీలు, అంటే లోపల ఫాంట్ ఏమీ ఉండదు, ఫలానా ఫలానా ప్యాకేజీలు కావాలి అనే చీటీ మాత్రమే ఉంటుంది. ఫాంట్స్-ఇండిక్ చీటీలో తెలుగుతో పాటు బెంగాలీ, దేవనాగరి, కన్నడ, తమిళం, మలయాళం అన్నీ ఉంటాయి. చీటీ పోయినంత మాత్రాన ఆ క్షణంలో మిగతా ఫాంట్లు పోవు. కానీ ఆ చీటీ కోసం వచ్చిన ఫాంట్లకు ఇప్పుడు దిక్కు లేదు కాబట్టి, ఇవి ఇక అక్కర్లేదు, ఆటోరిమూవ్ కొట్టండి అనే సలహా కింద కనిపించొచ్చు. ఆ సలహా విని కొట్టేస్తే, తీసింది ఒక్క తెలుగు ఫాంట్ అనుకున్నవాళ్లకు మర్నాడు హిందీ, తమిళ పేజీల రూపమే మారిపోయి కనిపిస్తుంది. సంబంధం ఎక్కడుందో ఇక అంతుపట్టదు.

అందుకే వై కొట్టాల్సిన అవసరమే లేని ఒక దారి ఉంది:

ఆప్ట్ -ఎస్ రిమూవ్ ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా

చిన్న ఎస్, అంటే సిమ్యులేట్. సుడో కూడా అక్కర్లేదు. ఏం జరిగేదో మొత్తం చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో నేరుగా అడగాలంటే:

ఆప్ట్ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్ ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా

మీ సిస్టంలో ఉన్నవాటిలో దీన్ని ఎవరు అడుగుతున్నారో పేర్లు వస్తాయి. డిపెండ్స్ అని ఉంటే గట్టి సంబంధం, రికమెండ్స్ అని ఉంటే అది పోయినా పైది నిలబడుతుంది.

కొత్త ఆప్ట్‌లో, అంటే 2025లో వచ్చిన 3.0 నుంచి, తీసేయబోయేవి ఎర్రగా, విడిగా కనిపిస్తాయి. ఉబుంటు 25.04, డెబియన్ 13 వాడేవాళ్లకు ఈ సుఖం ఉంది. 22.04, 24.04 వాళ్లకు అంతా ఒకే రంగులో కలిసిపోయి వస్తుంది, కళ్లు పెట్టుకుని చదవాల్సిందే.

ఎప్పుడూ చేయకూడనివి కొన్ని. వీడియోల్లో చూపించే కమాండ్ల చివర -వై ఉంటుంది, అడగకుండానే అవునన్నట్టు లెక్క. ఎక్కించేటప్పుడు ఫరవాలేదేమో గానీ తీసేసేటప్పుడు దాన్ని చెరిపేసి కొట్టండి. నక్షత్రం గుర్తు ఇంకో ప్రమాదం. లిబ్రెఆఫీస్ మొత్తం తీయడానికి లిబ్రెఆఫీస్ పక్కన నక్షత్రం పెట్టి, అంతా సింగిల్ కోట్లలో రాయడం మామూలే, అది పనిచేస్తుంది కూడా. అదే అలవాటుతో పైథాన్ పక్కన నక్షత్రం పెడితే సిస్టం సగం లిస్టులో నిలబడుతుంది.

పైథాన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దాని గురించే. నయీంనగర్ హాస్టల్ నుంచి ఒక పిల్లగాడు చేశాడు.

"అన్నా, స్క్రీన్ నల్లగైంది, లాగిన్ వస్తలేదు."

"ఏం తీసేశినవ్ తమ్మీ?"

"ఏం తీయలే అన్నా, పాత పైథాన్ ఒక్కటే. కొత్తది 3.12 పెట్టుకున్న కదా, పాతది ఎందుకని."

ఉబుంటు 22.04కు 3.10 అనేది పాత పైథాన్ కాదు, సిస్టం తన పనులు తాను చేసుకునే పైథాన్. అప్‌డేట్ మేనేజర్, సాఫ్ట్‌వేర్ ప్రాపర్టీస్, ఉబుంటు-డెస్క్‌టాప్ మెటాప్యాకేజీ అన్నీ దాన్ని పట్టుకుని ఉంటాయి. పైథాన్3 రిమూవ్ అనగానే తెర నిండా పేర్లు వస్తాయి, ఆ పొడవు చూసైనా ఆగాలి. కొత్త వెర్షన్ కావాలంటే పక్కన పెట్టుకోండి, వెన్వ్ (సిస్టంతో సంబంధం లేని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకుని అందులో ఆడుకోండి, సిస్టంది మాత్రం దాని మానాన దాన్ని వదిలేయండి. అట్లాగే ఉబుంటు-డెస్క్‌టాప్, నెట్‌వర్క్-మేనేజర్, జీడీఎం3, సిస్టండీ, గ్రబ్‌తో మొదలయ్యేవి, ఈ పేర్లలో ఏది లిస్టులో కనిపించినా ఎన్.

కొత్తవాళ్లే ఇట్లా చేస్తారని అనుకోనక్కర్లేదు. 2021లో పాప్ ఓఎస్‌లో (ఉబుంటు మీదే కట్టిన ఇంకో లినక్స్) గేముల ప్రోగ్రామ్ స్టీమ్ ఎక్కించబోయి, ప్యాకేజీల్లో ఉన్న ఒక లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్న యూట్యూబర్ వీడియో ప్రపంచమంతా చూసింది. అప్పట్లో ఆప్ట్ "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పూర్తిగా టైప్ చేస్తే దేన్నైనా తీసేసేది, ఆయన టైప్ చేశాడు. ఆ తర్వాత ఆప్ట్ వాళ్లు ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు అత్యవసరమైనవి తీయాలంటే విడిగా ఒక ఆప్షన్ రాయాలి. అయితే ఆ రక్షణ అత్యవసరం అని ముద్ర ఉన్న కొద్ది ప్యాకేజీలకే, ఎక్కించడమైనా తీయడమైనా మిగతావాటికి కాపలా మన కళ్లే.

ఆటోరిమూవ్

మీరు జింప్ ఎక్కించినప్పుడు దానితో పాటు దిగిన లైబ్రరీలకు ఆటో అని ముద్ర పడుతుంది, జింప్‌కు మాన్యువల్ అని. జింప్ పోయాక ఎవరికీ అక్కర్లేని ఆటోలను ఏరేసేది ఇది:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్

డిస్క్ ఖాళీ చేయడానికి ఇది మంచి పని, పాత కెర్నళ్లు (సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ పాత వెర్షన్లు) పోయేది కూడా దీనితోనే, ఒక్కో కెర్నల్ కొన్ని వందల ఎంబీ తింటుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ను అది తీయదు కాబట్టి భయం లేదు. కానీ లిస్టులో మీరు రోజూ వాడేది ఏదైనా కనిపిస్తే దాన్ని నాది అని చెప్పుకోవాలి:

సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ వీఎల్‌సీ

ఇక దాని జోలికి రాదు. పై ఫాంట్ల కథలో కూడా మందు ఇదే, ఉండాల్సిన ఫాంట్లను మాన్యువల్ చేసుకుంటే అయిపోయేది. ఏవేవి మాన్యువల్‌గా ఉన్నాయో ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ చూపిస్తుంది. ఎప్పుడో ఎక్కించి మర్చిపోయినవి పట్టుకోవడానికి కూడా ఆ లిస్టు బాగా పనికొస్తుంది.

ఇంతకుముందు రిమూవ్ చేసి సెట్టింగులు వదిలేసినవి ఉంటే, డీపీకేజీ -ఎల్ కొట్టినప్పుడు వాటి లైను ముందు ఆర్‌సీ అని ఉంటుంది, ఉన్నవాటికి ఐఐ. ఆర్‌సీలన్నీ ఒకేసారి ఊడ్చేయాలంటే ఆప్ట్ పర్జ్ తర్వాత సింగిల్ కోట్లలో టిల్డా గుర్తు, పక్కనే చిన్న సి రాస్తే చాలు, ఉబుంటు 20.04 నుంచి ఇది పనిచేస్తుంది. మొదట ఆప్ట్ లిస్ట్‌తో అదే గుర్తు రాసి చూసుకుని, తర్వాత పర్జ్ చేయండి.

దిగిన ప్యాకేజీ ఫైళ్లు కొన్ని /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో మిగిలి ఉంటాయి. సుడో ఆప్ట్ క్లీన్ అంటే అవన్నీ పోతాయి, సిస్టంకు ఏమీ కాదు. ఒక్క ఇబ్బంది డేటాది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చేవాళ్లు, ఏదైనా తీసి మళ్లీ ఎక్కించే ఆలోచన ఉంటే క్లీన్‌ను చివరికి వాయిదా వేసుకోండి. ఆ ఫైలు అక్కడ ఉంటే ఆప్ట్ మళ్లీ డౌన్‌లోడ్ చేయదు.

మధ్యలో ఆగితే

తీసేస్తుండగా కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, పని సగంలో ఆగింది. వానాకాలం సాయంత్రాలు ఇది మామూలే. మళ్లీ ఆన్ చేసి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

ఈ వరుసలోనే. రెండోది కూడా లిస్టు చూపిస్తుంది, అదీ చదవాలి, బాగుచేసే పేరుతో అది కూడా కొన్నింటిని తీసేస్తానని అనొచ్చు.

లాక్ దొరకలేదు అని వస్తే వెనకాల ఇంకోటి నడుస్తోందని అర్థం. చాలాసార్లు అది ఆటోమేటిక్ అప్‌డేట్, పేరు అన్‌అటెండెడ్ అని సగం కనిపిస్తుంది. చాయ్ తాగి రండి, అయిపోతుంది. లాక్ ఫైలును ఆర్ఎం కొట్టి తీసేయమని సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీల లెక్కల పుస్తకంలో రాస్తే ఆ పుస్తకమే పాడవుతుంది.

వై కొట్టేశాక గుండె గుభేల్‌మంటే? ఏం పోయిందో ఆప్ట్ రాసిపెట్టుకుంటుంది:

లెస్ /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్

అట్టడుగుకు వెళ్లండి. ప్రతి పనికీ మొదలైన తేదీ, సమయం, మీరు కొట్టిన కమాండ్, ఎవరి అకౌంట్ నుంచి, ఆ తర్వాత రిమూవ్ అనే మాట పక్కన పోయినవాటి పేర్లన్నీ కామాలతో ఉంటాయి. పేరు వెంబడి కోలన్ పెట్టి ఏఎండీ64 అనీ, బ్రాకెట్లో వెర్షన్ నంబరూ ఉంటాయి, అవి వదిలేసి పేర్లు మాత్రం తీసుకుని సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ తర్వాత స్పేస్‌లతో రాసుకుంటూ పొండి. నల్ల తెరే వస్తుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తుంది, పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, అయినా పడుతూనే ఉంటుంది. ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్. నయీంనగర్ పిల్లగాడి ల్యాప్‌టాప్ ఫోన్లోనే ఇట్లా లేచింది, నెట్‌వర్క్-మేనేజర్ మిగిలి ఉండటం వాడి అదృష్టం. అది కూడా పోయి ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చేయాల్సిన పెద్ద పని.

స్నాప్‌ల సంగతి

ఫైర్‌ఫాక్స్ తీసేశాం, అయినా ఉంది అంటారు. స్నాప్ అంటే ఆప్ట్‌కు వేరుగా ఉబుంటులో ఉన్న ఇంకో ప్యాకేజీ పద్ధతి. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా వస్తుంది, 24.04లో థండర్‌బర్డ్ కూడా. వాటిని ఆప్ట్‌లో వెతికి లాభం లేదు, స్నాప్ లిస్ట్ కొట్టి చూసి, సుడో స్నాప్ రిమూవ్ ఫైర్‌ఫాక్స్ అనాలి. స్నాప్ ఇంకో పని చేస్తుంది, తీసేసేటప్పుడు ఆ ప్రోగ్రామ్ డేటాను ఒక స్నాప్‌షాట్‌గా దాచి 31 రోజులు ఉంచుతుంది. తీసినా జాగా రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే. స్నాప్ సేవ్డ్ కొడితే దాచినవి నంబర్లతో కనిపిస్తాయి, సుడో స్నాప్ ఫర్గెట్ తర్వాత ఆ నంబరు ఇస్తే పోతాయి. మొదటే దాచొద్దనుకుంటే రిమూవ్ తర్వాత --పర్జ్ పెట్టండి, కానీ బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా దానితోనే పోతాయి, అవి వేరేచోట ఉన్నాయో లేదో చూసుకున్నాకే.